ఆ రెండు వేలూ ఎవరివి?

ప్రశ్న: అన్నా, నాకు 34 ఏళ్లు. పటాన్‌చెరు దగ్గర ఒక మందుల ఫ్యాక్టరీలో 2016 నవంబరు నుంచి కాంట్రాక్టర్ కింద పనిచేస్తున్నా. తొమ్మిదేళ్ల రెండు నెలలైంది. ఫ్యాక్టరీ అదే, మెషీన్ అదే, కాంట్రాక్టర్లు మాత్రం 2019లో ఒకసారి, 2022లో ఒకసారి మారారు. ఇప్పుడు నాలుగో ఆయన వస్తున్నాడు. నా జీతం 15,000. పీఎఫ్, ఈఎస్ఐ కటింగులు పోను 13,087 చేతికొస్తుంది. కొత్తాయన మా 60 మందినీ పిలిచి, "పీఎఫ్, ఈఎస్ఐ వద్దని సంతకం పెట్టండి, నెలకు రెండు వేలు ఎక్కువ ఇస్తా" అన్నాడు. బిహార్, ఒడిశా వాళ్లు చాలామంది సరేనన్నారు. నాకు 80 వేల అప్పుంది, మూడు రూపాయల వడ్డీ. ఆ రెండు వేలు వస్తే వడ్డీకన్నా సరిపోతాయనిపిస్తోంది. 2019లో కాంట్రాక్టర్ మారినప్పుడు చెల్లి పెళ్లికి పీఎఫ్ డబ్బులు ఒకసారి తీసుకున్నా. మా అమ్మ నా దగ్గరే ఉంటుంది, షుగర్, బీపీ. నా భార్యకు 29, ఇంట్లో మిషన్ కుడుతుంది, మహిళా సంఘంలో ఉంది. "నాకేమీ లేదా?" అని అడగమంది. సంతకం పెట్టాలా వద్దా?

సమాధానం: తమ్ముడూ, సంతకం పెట్టొద్దు. ఎందుకో తర్వాత చెప్తా. ముందు ఆ రెండు వేలు ఎక్కడి నుంచి వస్తున్నాయో చూద్దాం.

నీ జీతంలో నెలనెలా ఏం పోతోంది? పీఎఫ్‌కు 12 శాతం, అంటే 1,800. కార్మికుల వైద్య బీమా అయిన ఈఎస్ఐకి 0.75 శాతం, అంటే 113. మొత్తం 1,913. ఈ డబ్బు నీదే. నువ్వు కష్టపడి సంపాదించి దాచుకుంటున్నది. కాంట్రాక్టర్ "ఎక్కువ ఇస్తా" అంటున్న రెండు వేలలో 1,913 ఈ డబ్బే. ఆయన జేబులోంచి తీసేది 87 రూపాయలు.

మరి ఆయనకు మిగిలేది ఎంత? నువ్వు కట్టే 12 శాతానికి సమంగా ఆయన మరో 1,800 కట్టాలి. నీ పేరు మీద బీమాకు 75, పీఎఫ్ ఆఫీసు ఖర్చుల కింద ఇంకో 75, ఈఎస్ఐకి 3.25 శాతం లెక్కన 488. అన్నీ కలిపితే 2,438. అందులో 87 నీకు పడేసి 2,351 మిగుల్చుకుంటాడు. అరవై మందికి లెక్కేస్తే నెలకు లక్షా నలభై ఒక్క వేలు. ఇంకో మాట. ఫ్యాక్టరీవాళ్లు కాంట్రాక్టర్‌కు ఇచ్చే రేటులో సాధారణంగా పీఎఫ్, ఈఎస్ఐ వాటాలు కూడా కలిసే ఉంటాయి. అలా ఉంటే ఆ సొమ్ము కంపెనీ దగ్గర వసూలు చేస్తాడు, మీకు మాత్రం కట్టడు.

అసలు మీరు "వద్దు" అని సంతకం పెట్టినా అది చెల్లదు. పీఎఫ్ లెక్కలోకి వచ్చే జీతం 15,000 వరకు ఉన్నవాళ్లకు సభ్యత్వం తప్పనిసరి. అంతకు మించిన జీతంతో కొత్తగా చేరి, అంతకుముందు ఎప్పుడూ సభ్యులు కానివాళ్లకే బయట ఉండే వీలుంది. నువ్వు తొమ్మిదేళ్లుగా సభ్యుడివి. రేపు ఆయన తెలివి ఉపయోగించి "నీ జీతం 15,100 చేశా, ఇక పీఎఫ్ వర్తించదు" అన్నా నమ్మకు. ఒకసారి సభ్యుడయ్యాక జీతం పెరిగినా సభ్యుడే, కాకపోతే 15,000 మీద లెక్క కట్టే వెసులుబాటు ఉంటుంది. ఈఎస్ఐకి పరిమితి 21,000. నువ్వు దానికి చాలా కిందే ఉన్నావు.

చెల్లని కాగితం మీద సంతకం ఎందుకు పెట్టించుకుంటారని అడుగుతావేమో. రేపు నువ్వు ఫిర్యాదు చేస్తే "వాడే వద్దన్నాడు సార్" అని చూపించడానికి. యూనియన్ ఆఫీసులో కూర్చుని చాలా ఏళ్లు పీఎఫ్ ఫారాలు నింపినవాణ్ణి నేను. అలాంటి కాగితాలు కట్టలుగా చూశా. వాటి కింద ఇంకో ఖాళీ ఫారం కూడా పెట్టి సంతకం తీసుకోవడం ఒక అలవాటు. నీకు అసలు ప్రమాదం అక్కడుంది.

పీఎఫ్ అని మనం ఒకే మాటగా అంటాం గానీ లోపల రెండు డబ్బాలున్నాయి. నీ 1,800 మొత్తం, కాంట్రాక్టర్ వాటాలో 550, మొదటి డబ్బాలోకి పోతాయి. దానికి వడ్డీ పడుతుంది. 2023-24లోనూ, 2024-25లోనూ 8.25 శాతం ఇచ్చారు. కాంట్రాక్టర్ వాటాలో మిగిలిన 1,250 రెండో డబ్బాలోకి, అంటే 1995 నాటి పెన్షన్ పథకంలోకి పోతుంది. పాస్‌బుక్‌లో ఇది వేరే వరుసలో కనపడుతుంది. దీనికి వడ్డీ ఉండదు. ఇక్కడ పెరిగేది నీ సర్వీసు. సర్వీసు పదేళ్లయితే 58 ఏళ్లకు నెలనెలా పెన్షన్. ఆరు నెలలు, ఆపైన ఉన్న ముక్కను పూర్తి ఏడాదిగా లెక్కిస్తారు కాబట్టి తొమ్మిదిన్నరేళ్లు నిండితే పదేళ్లయినట్టే. నీ లెక్క ప్రకారం నువ్వు ఆ గీతకు నాలుగు నెలల దూరంలో ఉన్నావు!

పెన్షన్ ఎంత వస్తుంది? సగటు జీతాన్ని సర్వీసుతో గుణించి 70తో భాగిస్తారు. 15,000 మీద పదేళ్లయితే నెలకు 2,142. ఇది పెద్ద మొత్తమని నేను చెప్పను. ఇరవై నాలుగేళ్ల తర్వాత ఆ రెండు వేలకు ఏమొస్తుందో నీకూ తెలుసు, ధరలతో పాటు పెరిగే పెన్షన్ కూడా కాదిది. కనీస పెన్షన్ వెయ్యి రూపాయలని 2014లో పెట్టారు, దాన్ని పెంచమని వృద్ధులు ఇంకా ధర్నాలు చేస్తూనే ఉన్నారు. కానీ నువ్వు 58 వరకు ఇలాగే కడుతూ పోతే సర్వీసు 33 ఏళ్లవుతుంది. ఇరవై ఏళ్లు దాటినవాళ్లకు రెండేళ్లు అదనంగా కలుపుతారు. అప్పుడు ఇదే 15,000 మీద నెలకు 7,500. నీ తర్వాత నీ భార్యకు కూడా అందులో వాటా ఉంటుంది. మీ అడ్డా మీద నిలబడే పెద్దమనుషుల్లో ఎంతమందికి నెలకు ఏడు వేలు కూర్చున్నచోటికి వస్తున్నాయో ఒకసారి అడిగి చూడు.

ఇప్పుడు నీ 2019 సంగతి. ఉత్తరంలో ఒక్క వాక్యంలో దాటేశావు గానీ మొత్తం వ్యవహారం దాని మీదే ఉంది. ఆ రోజు నీతో ఏ ఫారం మీద సంతకం పెట్టించారు? 19 నంబరు ఫారం అయితే మొదటి డబ్బా మాత్రమే ఖాళీ అయింది, పెన్షన్ సర్వీసు పదిలంగా ఉంది. దానితో పాటు 10సీ కూడా పెట్టించి పెన్షన్ డబ్బు కూడా తీసేసి ఉంటే, 2016 నుంచి అప్పటిదాకా ఉన్న సర్వీసు చెరిగిపోయినట్టే. అప్పుడు నీ లెక్క 2019 నుంచి మళ్లీ ఒకటితో మొదలైంది. చాలామందికి ఇలాగే జరుగుతుంది. కాంట్రాక్టర్ మారిన ప్రతిసారీ "సెటిల్‌మెంట్" అని రెండు ఫారాలూ ఒకేసారి నింపేస్తారు. పాతిక వేలో ముప్ఫై వేలో చేతికొస్తాయి, కార్మికుడు సంతోషపడతాడు, సర్వీసు మాత్రం సున్నా అవుతుంది. ముప్ఫై ఏళ్లు కష్టపడి పదేళ్ల సర్వీసు చూపించలేనివాళ్లను నేను ఎరుగుదును.

ఒకవేళ నీకూ అలా జరిగిందనుకో, గుండెలు బాదుకోవాల్సిన పనిలేదు. నీకింకా 24 ఏళ్లున్నాయి. ఇకముందు మాత్రం 10సీ జోలికి డబ్బు కోసం పోవద్దు. ఉద్యోగం మారినా, మధ్యలో ఏడాది ఖాళీగా ఉన్నా, పాత సర్వీసు ఎక్కడికీ పోదు. వేరే కంపెనీలో చేరి మళ్లీ కట్టడం మొదలుపెడితే దానికి ఇది కలుస్తుంది. కాబట్టి నాలుగు నెలలు ఇక్కడే నిండాలని కూడా లేదు. ఈ మాట ఎందుకు చెప్తున్నానంటే, రేపు ఏ ప్రయత్నమూ ఫలించక, పీఎఫ్ లేని పనా, అసలు పనే లేకపోవడమా అనే పరిస్థితి వస్తే, పని వదులుకొమ్మని నేను చెప్పలేను. ఇంట్లో పొయ్యి వెలగాలి. అలాంటప్పుడు పనిలో ఉండు, పెన్షన్ డబ్బా మూత మాత్రం తీయకు, పీఎఫ్ ఉన్న పని వెతుక్కుంటూ ఉండు.

ఈఎస్ఐ మీద మనవాళ్లకు చులకన. డిస్పెన్సరీలో లైను, మందులు లేవనడం, డాక్టర్ తల ఎత్తి చూడకపోవడం. ఇవన్నీ నిజమే, నేను కాదనను. అయినా 113 రూపాయలకు నీ ఇంటికి ఏమొస్తోందో చూడు. మీ అమ్మ షుగర్, బీపీ మాత్రలు ఎక్కడి నుంచి తెచ్చుకుంటున్నారో నువ్వు రాయలేదు. ఈఎస్ఐ డిస్పెన్సరీ నుంచే అయితే, అవే మాత్రలు బయట కొంటే నెలకు ఎంతవుతుందో మందుల షాపులో అడుగు. ఆ ఒక్క ఖర్చే నీ 87 రూపాయలను మింగేస్తుంది. "ఆరోగ్యశ్రీ ఉంది కదా" అని నీ కాంట్రాక్టర్ అనొచ్చు. ఆరోగ్యశ్రీ ఆసుపత్రిలో చేరి చేయించుకునే ఆపరేషన్లకు, పెద్ద చికిత్సలకు పనికొస్తుంది. రోజువారీ మాత్రలు ఇవ్వదు, మంచంలో పడ్డ రోజులకు జీతమూ ఇవ్వదు. ఈఎస్ఐ ఇస్తుంది. ఆరు నెలల కంట్రిబ్యూషన్ కాలంలో 78 రోజులు పనిచేసి ఉంటే, జబ్బుపడినప్పుడు జీతంలో 70 శాతం చొప్పున ఏడాదికి 91 రోజుల వరకు వస్తుంది.

పనిలో దెబ్బ తగిలితే ఆ 78 రోజుల షరతు కూడా లేదు. చేరిన మొదటి రోజు జరిగినా జీతంలో 90 శాతం. ప్రాణమే పోతే కుటుంబానికి నెలనెలా పెన్షన్ లాంటి చెల్లింపు. పనికి వస్తూ పోతూ దారిలో జరిగే ప్రమాదం కూడా ఇందులోకే వస్తుంది. సంగారెడ్డి రోడ్డు మీద లారీల మధ్య నైట్ షిఫ్ట్‌కు బండి మీద పోయేవాడికి ఇది చిన్న విషయమా? దీనికి పైన, ఉద్యోగంలో ఉండగా చనిపోతే పీఎఫ్‌తో ముడిపడిన బీమా ఉంది. నీ జీతం మీద 35 నెలల లెక్కనే 5,25,000 అవుతుంది, ఖాతాలో నిల్వను బట్టి ఇంకొంత కలిసి గరిష్ఠంగా 7 లక్షల వరకు. దానికి నువ్వు పైసా కట్టడం లేదు, పైన చెప్పిన 75 రూపాయలు దాని కోసమే.

2025 జూన్ 30న పాశమైలారం ఫ్యాక్టరీలో పేలుడు జరిగినప్పుడు నువ్వు ఆ చుట్టుపక్కలే ఉండి ఉంటావు. నలభై మందికి పైగా పోయారు. ఆ రోజు లోపల ఎవరెవరున్నారో, దొరికింది ఎవరి దేహమో తేల్చడానికే రోజులు పట్టింది. పేరు రికార్డులో ఉండటమంటే ఏమిటో అలాంటి రోజున తెలుస్తుంది. పీఎఫ్, ఈఎస్ఐ లేని మనిషి ఆ ఫ్యాక్టరీలో పనిచేశాడని నిరూపించుకోవాల్సిన భారం కూడా అతని భార్య మీదే పడుతుంది. మందుల ఫ్యాక్టరీలో రియాక్టర్ల దగ్గర పనిచేసే నీకు ఇంతకన్నా చెప్పక్కర్లేదు.

బిహార్, ఒడిశా తమ్ముళ్లు సరేనన్నారని రాశావు. వాళ్లను తెలివితక్కువవాళ్లనుకోకు. వాళ్ల లెక్క వాళ్లది. ఏడాదికో ఊరు మారేవాడికి పీఎఫ్ అంటే చిక్కుముడి. ఆధార్‌లో ఒక పేరు, కంపెనీ రాసింది ఇంకో పేరు, బ్యాంకులో మూడో పేరు. క్లెయిమ్ పెడితే తిరస్కరణ, పాత కాంట్రాక్టర్ ఫోన్ ఎత్తడు. అన్ని తిప్పలు పడ్డవాడు "నగదే మేలు" అంటే తప్పు పట్టలేం. మన దేశంలో ప్రతినెలా జీతం తీసుకునేవాళ్లలో కూడా సగానికి పైగా మందికి రాతపూర్వక ఒప్పందం లేదు. ఫ్యాక్టరీ పెద్దదే, గోడ పెద్దదే, లోపల పనిచేసేవాడు మాత్రం అసంఘటితుడే. అసంఘటిత కార్మికుల మీద కేంద్రం వేసిన అర్జున్ సేన్‌గుప్తా కమిషన్ 2007లోనే ఈ సంగతి గట్టిగా చెప్పింది. గేటు బయట పని కోసం నిలబడ్డవాళ్లు అంతమంది ఉన్నారు కాబట్టే ఆ కాంట్రాక్టర్ ధైర్యంగా అందరినీ పిలిచి ఈ మాట అడగగలిగాడు. ఆ తమ్ముళ్లకు 87 రూపాయల లెక్క కాగితం మీద వేసి హిందీలో చెప్పించు. పీఎఫ్ మీద నమ్మకం లేకపోయినా, తమ డబ్బునే తమకు చూపిస్తున్నారని తెలిస్తే కొందరైనా ఆగుతారు.

ఎందుకంటే నువ్వు ఒక్కడివే పోయి అడిగితే రేపటి నుంచి గేట్ పాస్ ఉండదు. కనీసం పదిహేను ఇరవై మంది కలవండి. కాంట్రాక్టర్‌తో వాదన వద్దు. నేరుగా ఫ్యాక్టరీ హెచ్‌ఆర్‌కు తెలుగులోనే ఒక అర్జీ రాయండి: "మా పీఎఫ్, ఈఎస్ఐ కొత్త కాంట్రాక్టులోనూ కొనసాగేలా చూడండి, మాకు నియామక పత్రాలు ఇప్పించండి." కాంట్రాక్టర్ గురించి ఒక్క చెడ్డమాట కూడా రాయకండి. హెచ్‌ఆర్‌కు విషయం అర్థమవుతుంది. కాంట్రాక్టర్ ఎగ్గొడితే ఆ పీఎఫ్ కట్టాల్సిన బాధ్యత చట్టం ప్రకారం అసలు యజమానిది, అంటే ఫ్యాక్టరీది. కాంట్రాక్టు కార్మికుల జీతం విషయంలోనూ 1970 చట్టం నుంచి ఇదే సూత్రం. 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చిన కొత్త లేబర్ కోడ్‌లలోనూ అది ఉంది, నియామక పత్రం ఇవ్వాలన్నదీ ఉంది. అయితే కాంట్రాక్టు కార్మికుల నిబంధనలు ఇదివరకు 20 మంది ఉంటే వర్తించేవి, ఇప్పుడు 50కి పెంచారు. ఇది కార్మికుడికి మంచి చేసిన మార్పు కాదని నా అభిప్రాయం. మీరు 60 మంది. ఇద్దరు ముగ్గురు కాంట్రాక్టర్ల పేర్ల మీద మిమ్మల్ని ముక్కలు చేస్తున్నారా అన్నది గమనిస్తూ ఉండండి.

అర్జీ తీసుకున్నట్టు కాపీ మీద సంతకమో స్టాంపో వేయించుకోండి. కదలిక లేకపోతే పీఎఫ్ వాళ్లు ప్రతినెలా 27న జిల్లాల్లో పెట్టే 'నిధి ఆప్కే నికట్' శిబిరానికి పోండి. అక్కడ అధికారి ఎదురుగా కూర్చుంటాడు. పీఎఫ్ హెల్ప్‌లైన్ 14470.

దీనికంటే ముందు ఈ ఆదివారమే నీ పాస్‌బుక్ తీయించు. యూఏఎన్‌కు, అంటే నీ పీఎఫ్ నంబరుకు, కలిపిన ఫోన్ నుంచి 9966044425కు మిస్డ్ కాల్ ఇస్తే చివరి జమ ఎంతో మెసేజ్ వస్తుంది, కానీ నీకు అది సరిపోదు. మొత్తం పాస్‌బుక్, సర్వీస్ హిస్టరీ ప్రింట్ కావాలి. కాంట్రాక్టర్ మారినప్పుడు కొత్త యూఏఎన్ తెరిచేశారా చూడు. రెండుంటే పాతదాన్ని కొత్తదానిలోకి బదిలీ చేయించుకో, లేకపోతే సర్వీసు రెండు ముక్కలుగా కనపడుతుంది. నెలనెలా జమ పడిందా, మధ్యలో ఖాళీ నెలలున్నాయా చూడు. జీతంలో కోసి ఖాతాలో వేయకపోతే అది నేరం. అలాంటి నెలల జీతం స్లిప్పులుంటే దాచిపెట్టు. 2020 లాక్‌డౌన్‌లో జీతం రాని రోజులను సర్వీసులోంచి తీసేసి ఉండొచ్చు. అప్పుడు నీ నాలుగు నెలలు ఐదో ఆరో కావచ్చు.

గ్రాట్యుటీ గురించి నువ్వు అడగలేదు. అడగాల్సింది. ఒకే యజమాని దగ్గర ఐదేళ్లు నిండితే ఏడాదికి 15 రోజుల జీతం చొప్పున వచ్చేది అది. నీ కాంట్రాక్టర్లు మూడేళ్లకోసారి మారారు. కాకతాళీయమేనేమో. నిర్ణీత కాలానికి కంపెనీయే నేరుగా రాతపూర్వకంగా తీసుకున్నవాళ్లకు కొత్త కోడ్ ప్రకారం ఏడాదికే గ్రాట్యుటీ హక్కు వస్తుంది. కాంట్రాక్టర్ కింద ఉన్నంతకాలం నీది ఆ కోవ కాదు. అందుకే ఫ్యాక్టరీలో నేరుగా తీసుకునే ఖాళీలు పడితే, జీతం ఓ వెయ్యి తక్కువైనా ఆలోచించు.

ఇక అప్పు. నిజానికి నీ చేత సంతకం పెట్టించబోతున్నది కాంట్రాక్టర్ కాదు, ఆ మూడు రూపాయల వడ్డీ. ఎనభై వేలకు నెలకు 2,400, ఏడాదికి 36 శాతం. "8.25 శాతానికి దాచుకుంటూ 36 శాతం కట్టడమెందుకు, నా 1,913 నాకిస్తే అప్పు తీర్చుకుంటా కదా" అని నువ్వు అడిగితే, నీ వాటా వరకు ఆ లెక్క సరైనదే. కానీ ఆ 1,913 చేతికి రావడానికి నువ్వు నెలకు 2,363 విలువైన కాంట్రాక్టర్ వాటాను వదులుకుంటున్నావు. నీ భార్య సంఘంలో ఉంది కదా. సంఘం ద్వారా బ్యాంకు లింకేజీ రుణం రూపాయి వడ్డీకి అటూ ఇటూ దొరుకుతుంది. అప్పును అక్కడికి మారిస్తే వడ్డీ 800 దగ్గరికి దిగుతుంది. నెలకు 1,600 మిగులు, ఏ సంతకమూ లేకుండా. కాంట్రాక్టర్ ఇస్తానన్న 87 పక్కన దీన్ని పెట్టి చూసుకో. సంఘంలో వాయిదా తప్పితే మిగతా ఆడవాళ్ల ముందు మాట పడేది చెల్లెమ్మే కాబట్టి ఆమెతో కూర్చుని మాట్లాడాకే అడుగు వెయ్యి.

చెల్లెమ్మ అడిగినదానికి: ఉంది, కానీ తక్కువ. ఈ-శ్రమ్‌లో, అంటే అసంఘటిత కార్మికుల ప్రభుత్వ జాబితాలో, పేరు ఎక్కించుకోమను, మీ సేవలోనో కామన్ సర్వీస్ సెంటర్‌లోనో చేస్తారు. అసంఘటిత కార్మికుల పెన్షన్ పథకం, పీఎం శ్రమయోగి మాన్‌ధన్‌లో 29 ఏళ్లకు చేరితే నెలకు వంద కట్టాలి, ప్రభుత్వం ఇంకో వంద వేస్తుంది, 60 తర్వాత నెలకు 3,000. అంత దూరం కట్టగలమా అనిపిస్తే అది పక్కన పెట్టినా, బ్యాంకులో ఏడాదికి 20 రూపాయల ప్రమాద బీమా, 436 రూపాయల జీవిత బీమా మాత్రం మీ ఇద్దరికీ చేయించు. ఒక్కోదానికి రెండు లక్షలు. నీ ఈఎస్ఐ కార్డులో ఆమె పేరు, మీ అమ్మ పేరు ఎక్కాయో లేదో కూడా చూడు. చాలా కార్డుల్లో ఆధార్ కలపక కుటుంబం పేర్లు ఆగిపోయి ఉంటాయి.

2019లో వచ్చిన డబ్బు సంగతి తేల్చడానికి సులువైన దారి ఒకటుంది. ఆ ఏడాది బ్యాంకు పాస్‌బుక్ తీసి, పీఎఫ్ ఆఫీసు నుంచి డబ్బు ఒక్కసారే పడిందా, కొద్ది రోజుల తేడాతో రెండుసార్లు పడిందా చూడు. రెండుసార్లు పడి ఉంటే రెండోది పెన్షన్ డబ్బు అయ్యుంటుంది. ఆ తేదీ, మొత్తం రాసి పంపు. తర్వాత ఏం చేయాలో అప్పుడు చూద్దాం.